ఎగువ రాష్ట్రము - దిగువ రాష్ట్రము
నీటి తగవును అత్యున్నత న్యాయస్థానము తీర్చు విధము

కాలువ నీటి తగవు మన సభ్యులకు క్రొత్తది కాదు. ఎగువ రైతు తన తూము పెద్దది చేసికొన్నచో దిగువ రైతు చేను బీటలు వారును. అప్పుడు మనము సంఘపు పెద్దలయొద్దకు పోవుదుము. అచట తెగనిచో కాలువ అధికారులయొద్దకును, అచటను తెగనిచో న్యాయస్థానమునకును పోవుదుము. వీరికి ఇరువురు రైతులమీదను అధికారము కలదు గావున వీరి ఆజ్ఞ ఇరువురియెడలను చెల్లును.

అయితే ఎగువనున్నది ఒక రాష్ట్రమును, దిగువనున్నది వేరొక రాష్ట్రమును అయినచో ఏమి గతి? ఎగువ రాష్ట్రపు శాసనము దిగువ రాష్ట్రమున చెల్లదు. దిగువ రాష్ట్రపు న్యాయాధిపతి ఎగువ రాష్ట్రపు తూమును మూయింపలేడు. ఎవరి ప్రభుత్వము వారికి కలదు. ఎవరి శాసనసభ వారికి కలదు. ఇట్టి తగవు వచ్చినపుడు దేశమునందలి అత్యున్నత న్యాయస్థానము దానిని ఎట్లు విచారించునో, అందువలన సేద్యగానికి ఏమి దక్కునో, ఏమి దక్కదో ఈ పాఠమున తెలిసికొందము. ఇందులకు అమెరికా సంయుక్త రాష్ట్రములలో నూరేండ్లకు పైగా నడచిన యొక వ్యాజ్యమును ఉదాహరణముగా గైకొందుము. పిమ్మట మన దేశపు పద్ధతిని చూతము.

నదియు వాదిప్రతివాదులును

ఆర్కన్సా యనునది సుమారు 1,450 మైళ్ల పొడవుగల నది. అది కొలరాడో రాష్ట్రమునందలి రాకీ పర్వతములలో పుట్టి, కరగిన మంచునీటితో నిండి, తూర్పుగా ప్రవహించి కాన్సస్ రాష్ట్రమున ప్రవేశించును. అచటినుండి మరి రెండు రాష్ట్రములగుండ పోయి మిసిసిపీ మహానదిలో కలియును. కొలరాడో తూర్పుభాగమునను, కాన్సస్ పడమటిభాగమునను వర్షము తక్కువ. కాలువ నీరు లేనిదే అచట పంటకు నమ్మకము లేదు.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున కొలరాడో రైతులు నదికి ఇరుప్రక్కల కాలువలు త్రవ్వి బీడుభూములను సాగులోనికి తెచ్చిరి. దిగువనున్న కాన్సస్ రైతులు తమ కాలువలకు నీరందుటలేదని మొరపెట్టిరి. ఈ రెండు రాష్ట్రములలో నీటిని గూర్చిన ధర్మమే వేరు. కొలరాడోలో నీటిని ఎవడు ముందుగా వాడుకలోనికి తెచ్చెనో వానికే ముందు హక్కు. కాన్సస్‌లో ఆనాడు నది గట్టున భూమిగలవానికి నది సహజముగా ప్రవహించు నీటియందు హక్కు కలదను ధర్మము ప్రధానముగా నుండెను. ఎవరి ధర్మమును పట్టుకొని వారు వాదించిరి. ఇరువురి వాదమును వారి వారి యింట న్యాయమే. అందువలననే మూడవ పీఠము కావలసివచ్చెను.

న్యాయస్థానమునకు అధికారము ఎక్కడిది?

1901 లో కాన్సస్ రాష్ట్రము కొలరాడో రాష్ట్రముపై అమెరికా సుప్రీముకోర్టులో వ్యాజ్యము వేసెను. ఇది క్రింది కోర్టులనుండి అప్పీలుగా వచ్చినది కాదు. తిన్నగా సుప్రీముకోర్టులోనే మొదలైనది. రాష్ట్రమునకును రాష్ట్రమునకును నడుమ వచ్చు తగవులలో మొదటి విచారణాధికారమే సుప్రీముకోర్టునకు ఉండవలెనని అమెరికా రాజ్యాంగము విధించినది. ఒక రాష్ట్రపు తగవును మరియొక రాష్ట్రపు న్యాయస్థానము తీర్చినచో పక్షపాతమను అనుమానము పోదుగదా.

ఇట్టి తగవు న్యాయస్థానము విచారింపదగినది కాదని కొలరాడో అభ్యంతరము చెప్పెను. 1902 లో సుప్రీముకోర్టు ఆ అభ్యంతరమును త్రోసివేసెను. దీని వెనుకనున్న యుక్తి రైతు సులభముగా గ్రహింపదగినది. రెండు స్వతంత్రరాజ్యములకు ఇట్టి తగవు వచ్చినచో అవి సంధి చేసికొనవచ్చును, లేదా యుద్ధము చేయవచ్చును. కాని యూనియనులో చేరిన రాష్ట్రములు యుద్ధము చేయు హక్కును వదలుకొన్నవి. కాంగ్రెసు సభ సమ్మతి లేనిదే తమలో తాము ఒడంబడిక చేసికొను హక్కును కూడ వదలుకొన్నవి. కత్తి దించిన చేతికి తీర్పు నిచ్చు చోటు ఒకటి ఉండితీరవలెను. ఆ చోటే సుప్రీముకోర్టు.

1907 నాటి తీర్పు

సాక్ష్యము ఎనిమిదివేల పుటలకు మించెను. మూడువందలమందికి పైగా సాక్షులు వాఙ్మూలమిచ్చిరి. 1907 లో తీర్పు వచ్చెను. దానిని వ్రాసిన న్యాయమూర్తి బ్రూయరు స్వయముగా కాన్సస్ రాష్ట్రమువాడు. అయినను తీర్పు కాన్సస్‌నకు అనుకూలముగా రాలేదు.

న్యాయస్థానము ఇరువురి వాదమును అంగీకరింపలేదు. నీరు నా గడ్డమీద పుట్టినది గావున నా యిష్టమని కొలరాడో అనరాదు. నది సహజముగా ప్రవహించినంత నీరును నాకు రావలయునని కాన్సస్ అనరాదు. రాష్ట్రములన్నియు సమానప్రతిపత్తి గలవి. ఒకదాని ధర్మమును మరియొకదానిమీద రుద్దరాదు. నది వలన కలుగు మేలును ఇరువురికి న్యాయముగ పంచవలెను. దీనికే సమన్యాయ విభజనమని పేరు. సమన్యాయమనగా సగము సగమని కాదు. ఎవరి సాగు ఎంత, ఎవరి అవసరమెంత, ఒకరి వాడుకవలన రెండవవారికి కలుగు నష్టమెంత, ఒకరికి కలుగు మేలు ఎంత, ఇవియన్నియు తూచి చేయు విభజనమని అర్థము.

అట్లు తూచి చూడగా కాన్సస్‌నకు కొంత నష్టము కలిగినమాట నిజమే యనియు, కాని కొలరాడోలో బీడు సాగైనందున కలిగిన మేలుతో పోల్చినచో అది వ్యాజ్యము గెలిపించునంతటిది కాదనియు తేల్చి, వ్యాజ్యమును కొట్టివేసిరి. అయితే తలుపు మూయలేదు. మున్ముందు కొలరాడో వాడుక హెచ్చి న్యాయమైన పాళ్లు చెడినచో కాన్సస్ మరల రావచ్చునని చెప్పిరి. దీనినుండి మనము గ్రహింపవలసినది ఏమనగా: నష్టము కలిగినదని చెప్పుట చాలదు, అది గొప్ప నష్టమని కొలతలతో రుజువు చేయవలెను. ఆ భారము మొరపెట్టినవానిదే.

ఒడంబడిక

తగవు అంతటితో చల్లారలేదు. కాన్సస్‌నందలి ఫిన్నీ కౌంటీ నీటివాడకపు రైతుల సంఘము కొలరాడో కాలువల కంపెనీలపై వేరుగా వ్యాజ్యము నడిపెను. ఇట్టి వ్యాజ్యములను ఆపవలెనని కొలరాడో తానే సుప్రీముకోర్టునకు పోయెను. 1943 లో తీర్పు చెప్పుచు కోర్టువారు ఆ సంఘపు వ్యాజ్యమును నిలిపివేసిరి. రాష్ట్రముల నడుమ తేలవలసిన పాళ్లను ఒక్కొక్క రైతుసంఘము వేరువేరుగా వాదించుకొనుట తగదని దీని భావము. 1907 తరువాత కొలరాడో వాడుక హెచ్చి కాన్సస్‌నకు గొప్ప హాని చేసెనని రుజువు కాలేదనియు తేల్చిరి. పిమ్మట ఒక హితవు పలికిరి: ఇట్టి చిక్కులను వాదములచేత కాక సంప్రదింపులచేతను ఒడంబడికచేతను తీర్చుకొనుట మేలు.

రెండు రాష్ట్రములును ఆ హితవును వినెను. 1948 లో ఒడంబడిక వ్రాసికొనెను. 1949 లో కాంగ్రెసు సభ దానిని ఆమోదించెను. కొలరాడోలో కట్టిన జాన్ మార్టిన్ జలాశయపు నీటిని ఎట్లు నిలువచేయవలెనో, ఎట్లు విడువవలెనో అందు వ్రాసికొనిరి. మున్ముందు ఎవరేమి కట్టుకొన్నను, సరిహద్దునొద్ద వాడుకకు వచ్చు నీరు చెప్పుకోదగినంతగా తగ్గరాదని ముఖ్యమైన షరతు పెట్టుకొనిరి. అమలు చూచుటకు రెండు రాష్ట్రముల ప్రతినిధులతో ఒక సంస్థ ఏర్పడెను. రాష్ట్రమునకు ఒక్క వోటు. ఇరువురును కలసినగాని ఏ తీర్మానమును నడువదు.

బావుల వలన వచ్చిన వ్యాజ్యము

ఒడంబడిక కాలువలను చూచెను. కాని నేల లోపలి నీరు చూపునకు రాదు. 1949 తరువాత కొలరాడోలో నదీలోయ పొడవునను విద్యుచ్ఛక్తితోను చమురుతోను నడచు బావులు పెక్కు వెలసెను. నది యిసుకలో త్రవ్విన బావి నది నీటినే త్రాగును. అది ఏటి గర్భమున ఊటగుంట త్రవ్వినవారందరికి తెలిసినదే. కాలువ తూములు మారకయే సరిహద్దునొద్ద నీరు తగ్గెను.

1985 లో కాన్సస్ మరల సుప్రీముకోర్టు తలుపు తట్టెను. ఇట్టి వ్యాజ్యములలో తొమ్మండుగురు న్యాయమూర్తులును కూర్చుండి సాక్షులను విచారింపరు. ప్రత్యేక విచారణాధికారి నొకనిని నియమింతురు. అతడు సాక్ష్యము విని, లెక్కలు పరిశీలించి, నివేదిక వ్రాయును. ఇరుపక్షములవారును దానిమీద ఆక్షేపణలు దాఖలు చేయుదురు. కోర్టువారు వానిని విని కడపటి తీర్పు చెప్పుదురు. ఈ వ్యాజ్యమున విచారణాధికారిగ నియమితుడైనవాడు ఆర్థరు లిటిల్‌వర్తు.

కాన్సస్ మూడు ఫిర్యాదులు చేసెను. రెండు జలాశయముల నిర్వహణను గూర్చినవి. అవి రుజువు లేక వీగిపోయెను. మూడవది బావులను గూర్చినది, అది నిలిచెను. 1995 లో కోర్టువారు, ఒడంబడిక తరువాత హెచ్చిన బావుల తోడకమువలన షరతు భంగమైనదని తీర్పు చెప్పిరి. ఒడంబడికకు పూర్వమే నడచుచుండిన బావులకై ఏటికి 15,000 ఎకరా అడుగులు మాత్రము మినహాయించిరి. ఎకరా అడుగనగా ఒక యెకరము నేలపై ఒక యడుగు లోతున నిలుచు నీరు. 1950 నుండి 1996 వరకు కాన్సస్‌నకు తగ్గిన నీరు నాలుగు లక్షల ఎకరా అడుగులకు మించినదని తేలెను. మన లెక్కలో అది 17 టి.యం.సి.లకు పైమాట, టి.యం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు.

పోయిన నీటిని తిరిగి తేలేము. మరి నష్టపరిహార మెట్లు? 2001 లో కోర్టువారు సొమ్ము రూపమున ఇప్పించుటకు అంగీకరించిరి. రైతుల నష్టమును రాష్ట్రము అడుగరాదని కొలరాడో చేసిన వాదము చెల్లలేదు. వడ్డీ మాత్రము వ్యాజ్యము వేసిన 1985 నుండియే ఇచ్చిరి. అంతకు ముందు ముప్పదియైదేండ్లు ఊరకుండినందున ఆ కాలపు వడ్డీ కాన్సస్‌నకు దక్కలేదు. 2005 లో కొలరాడో మూడుకోట్ల నలువది లక్షల డాలర్లకు పైగా చెల్లించెను.

ఇకమీదట బావుల రైతులు నదినుండి తరిగిన నీటికి బదులు నీరు నదికి చేర్చవలెనని కొలరాడో ప్రభుత్వము 1996 లో నిబంధనలు చేసెను. ఒక్కొక్క రైతు ఇట్టి నీటిని సమకూర్చుకొనజాలడు గావున వారు సంఘములుగా చేరి, నీటిహక్కులు సంపాదించి, నదికి నీరు విడిచిరి. ఒడంబడిక నెరవేరుచున్నదా లేదా యనుటను ఒక్క యేటి లెక్కతో కాక పదేండ్ల లెక్కతో చూడవలెనని 2004 లో తీర్మానించిరి. ఒక యేడు కరవు, ఒక యేడు వరద వచ్చు నదికి ఇది తగిన కొలతయే. 2009 లో కట్టకడపటి ఉత్తరువు వెలువడెను.

ఆ యేటనే మరియొక మాట తేలెను. జలశాస్త్రజ్ఞులకును లెక్కలు కట్టినవారికిని అయిన ఖర్చు తొంబదిలక్షల డాలర్లకు పైగా ఇప్పింపుడని కాన్సస్ కోరెను. శాసనప్రకారము సాక్షికి రోజునకు 40 డాలర్లు మాత్రమే చెల్లునని చెప్పి, కోర్టువారు సుమారు 1,63,000 డాలర్లు ఇప్పించిరి. గెలిచినవాడును ఖర్చు మోయవలసివచ్చెను.

మన దేశపు పద్ధతి

1950 జనవరి 26 న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగమునందును ఇట్టి ఏర్పాటు కలదు. రాష్ట్రమునకును రాష్ట్రమునకును, లేదా రాష్ట్రమునకును కేంద్రప్రభుత్వమునకును హక్కులను గూర్చి తగవు వచ్చినచో మొదటి విచారణ సుప్రీముకోర్టుదే యని 131 వ అధికరణము చెప్పును. కాని నదీజలముల విషయమున మనవారు వేరు దారి నేర్పరచిరి. 262 వ అధికరణము ననుసరించి పార్లమెంటు 1956 లో అంతర్‌రాష్ట్ర నదీజల వివాదముల చట్టము చేసెను. రాష్ట్రము మొరపెట్టినపుడు సంప్రదింపులవలన తగవు తీరదని కేంద్రప్రభుత్వము తలచినచో ట్రిబ్యునలును నియమించును. అందలి న్యాయమూర్తులను భారత ప్రధాన న్యాయమూర్తి ఎంపికచేయును. ట్రిబ్యునలు విచారింపవలసిన తగవును ఏ కోర్టును, సుప్రీముకోర్టు సైతము, మొదటి విచారణకు గైకొనరాదని ఆ చట్టము చెప్పుచున్నది.

అమెరికా కోర్టు చెప్పిన సమన్యాయ విభజన సూత్రము మనకు అంతకుముందే వచ్చినది. సింధు నదీజలములను గూర్చి సింధు రాష్ట్రము పంజాబుపై చేసిన ఫిర్యాదును 1941-42 లో బి.ఎన్. రావుగారి యధ్యక్షతను విచారించిన సంఘము ఆ తీర్పులను ఆధారముగా గైకొన్నది. 1969 లో బచావత్‌గారి యధ్యక్షతను ఏర్పడిన కృష్ణా జలవివాద ట్రిబ్యునలు నూటికి డెబ్బదియైదేండ్లు నమ్మదగిన నీరు 2,060 టి.యం.సి.లని లెక్కించి, మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 చొప్పున పంచినది. 2014 లో తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైన పిదప ఆంధ్రప్రదేశపు ఆ భాగమును ఎట్లు పంచుకొనవలెనని రెండు తెలుగు రాష్ట్రముల నడుమ వాదము లేచినది. 2023 లో కేంద్రప్రభుత్వము దానిని రెండవ కృష్ణా ట్రిబ్యునలు విచారణకు పంపినది.

మొదటి విచారణకు అడ్డు కలదనినంతమాత్రమున సుప్రీముకోర్టు తలుపు పూర్తిగా మూతపడలేదు. కావేరి ట్రిబ్యునలు 1990 లో ఏర్పడి 2007 లో తీర్పు నిచ్చినది. దానిమీద వచ్చిన అప్పీళ్లను తాము వినవచ్చునని సుప్రీముకోర్టు 2016 లో నిర్ణయించి, 2018 ఫిబ్రవరి 16 న తీర్పు చెప్పినది. రాష్ట్రములగుండ పారు నది జాతిసంపద యనియు, దానికి ఏ రాష్ట్రమును సొంతదారు కాదనియు అందు స్పష్టపరచినది. కర్ణాటకపు భాగమును 270 నుండి 284.75 టి.యం.సి.లకు పెంచి, తమిళనాటి భాగమును 419 నుండి 404.25 కు తగ్గించినది. ఆ 14.75 లో 4.75 బెంగుళూరు త్రాగునీటికి. తక్కిన 10 తమిళనాటి భూగర్భజలమును లెక్కలోనికి గైకొన్నందున తగ్గినవి. కొలరాడోలో బావివలన ఎగువవాడు ఓడెను. కావేరియొద్ద బావివలన దిగువవాని భాగము తగ్గెను. నేల లోపలి నీరు లెక్కకు రాదనుకొనుట ఎంత పొరపాటో దీనివలన తెలియుచున్నది.

మన సభ్యులు గ్రహింపవలసినవి

మొదటిది: అత్యున్నత న్యాయస్థానము ఎవనిని నదికి యజమానిని చేయదు, భాగస్థునిగ మాత్రమే చేయును. ఎగువవాడు తన చేతిలోనున్నదని బిగబట్టరాదు. దిగువవాడు పూర్వమునుండి వచ్చినదని సర్వమును కోరరాదు.

రెండవది: కొలత లేనివాని మొర నిలువదు. కాన్సస్ 1907 లోను, 1943 లోను రుజువు చాలకయే ఓడెను; 1995 లో లెక్కలు చూపియే గెలిచెను. మన కాలువమీదను ఇంతే. ఏ తేదీని తూమునొద్ద కొలతబద్దపై ఎన్ని అడుగుల నీరున్నదో, చివరి పొలమునకు ఏ దినమున నీరందెనో సంఘపు పుస్తకమున వ్రాసియుంచినచో అది సాక్ష్యము. నోటిమాట మరుసటి యేటికే మాసిపోవును.

మూడవది: ఆలస్యము నష్టము. కాన్సస్ మొదటి వ్యాజ్యమునకును కడపటి ఉత్తరువునకును నడుమ నూట యెనిమిదేండ్లు గడచెను. 1901 లో మొరపెట్టిన రైతు ఆ సొమ్మును కన్నులార చూడలేదు. తీర్పు రాష్ట్రమునకు వచ్చినది. ఎండిన చేను ఎండినట్లే పోయినది. అందుచేత నష్టము కనబడిన నాడే వ్రాతమూలకముగ తెలియజేయవలెను. సంప్రదించి ఒడంబడిక చేసికొనగలిగిన నాడు చేసికొనవలెను. న్యాయస్థానమునకు పోవుట కడపటి మెట్టు.

నాలుగవది: ఒడంబడిక యున్నను అమలుచేయువారు కావలెను. కొలరాడోలో తుదకు నదికి బదులునీరు చేర్చినవారు రైతుసంఘములవారే. ఢిల్లీలో తీర్పు వచ్చినను దానిని తూమునొద్ద నడిపింపవలసినవారు మన వంటివారు. ఆ పని ఒంటరి రైతువలన కాదు, సహకారమువలననే యగును.

సంఘ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. 1907 లో న్యాయస్థానము ఎగువవాని వాదమును, దిగువవాని వాదమును కూడ ఏల త్రోసివేసెను?

2. సమన్యాయ విభజనమునకును, సగము సగము పంపకమునకును భేదమేమి? మన కాలువమీది దృష్టాంతముతో చెప్పుడు.

3. మన గ్రామమున కాలువ ప్రక్కనున్న బోరుబావులు కాలువ నీటిని తగ్గించుచున్నవా? తెలిసికొనుటకు ఏమేమి కొలవవలెను?

4. గడచిన మూడు పంటలకు చివరి పొలమునకు నీరు చేరిన తేదీలు మన సంఘమువద్ద వ్రాతలో కలవా? లేనిచో రాబోవు పంటనుండి ఎవరు వ్రాయుదురు?